బళ్లారి గుట్టల్లో నూరుడు రాళ్లు ఏరిన దొర

బళ్లారి పట్నం దాటి కొంచెం దూరం పోతే సంగనకల్లు, దాని పక్కనే కప్పగల్లు. ఆ చుట్టూ ఉన్న రాతి గుట్టలెక్కితే అక్కడక్కడా బండల మీద నున్నగా అరిగిన పల్లాలు కనిపిస్తాయి. అరచేతిలో ఇమిడే గుండ్రాళ్లు, ఒక వైపు చదునుగా అరిగినవి, మట్టిలో సగం కూరుకుపోయి ఉంటాయి. తెలియని కంటికి అవి వట్టి రాళ్లే. నాలుగు వేల ఏళ్ల కిందట మాత్రం అవి ఇంటింటి వంట సామాను. గింజను పిండి చేసి కడుపు నింపిన రాళ్లు.

వాటి విలువ కనిపెట్టి, ఏది ఎక్కడ దొరికిందో ఊరి పేరుతో సహా రాసిపెట్టిన మొదటివాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశపు రాతియుగ చరిత్రకు ఆద్యుడిగా ఆయనకు పేరు. పల్లావరంలో దొరికిన రాతి గొడ్డలి కథ పాఠ్యపుస్తకాల దాకా ఎక్కింది. ఆయన బళ్లారి, కర్నూలు, అనంతపురం సీమల్లో ఏళ్ల తరబడి తిరిగి ఏరిన నూరుడు రాళ్ల కథ మాత్రం ఈ ప్రాంతం వాళ్లకే సరిగా తెలియదు.

ఉద్యోగం రాళ్లు చూడటమే

ఫుట్ 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండులోని చెల్తెన్‌హామ్‌లో పుట్టారు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. అప్పటికి ఆయన వయసు 24. మద్రాసు రాజధానిలో పని. ఏ నేల కింద ఏ రాయి ఉంది, ఎక్కడ ఖనిజం ఉంది, ఏ పొర ఎంత పాతది అని చూసి పటాలు గీయడం ఆ శాఖ బాధ్యత. రైలు ఇంకా చాలా ఊళ్లకు రాని రోజులవి. గుర్రం మీదా, ఎడ్లబండ్ల మీదా, ఎక్కువగా కాలినడకనా తిరగాలి. గుడారం వేసుకుని ఊరూరా మకాం చెయ్యాలి.

1862లో ఆయనకు పెళ్లయింది. భార్య ఎలిజబెత్, తమిళ పండితుడిగా పేరున్న పీటర్ పెర్సివల్ కూతురు. మరుసటి ఏడు 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో, కవాతు మైదానం దగ్గర గ్రావెల్ తవ్విన గుంతలో ఆయన కంట ఒక రాయి పడింది. మనిషి చేత్తో చెక్కి అంచు తీసిన రాయి అది. నీళ్లకో, ఎండకో పగిలిన రాయి అలా ఉండదని ఫుట్‌కు వెంటనే తెలిసింది.

అంతకు నాలుగేళ్ల ముందే, అంటే 1859లో, ఫ్రాన్సులో నదీ తీరపు గ్రావెల్ పొరల్లో దొరికిన రాతి పనిముట్లు నిజంగా మనుషులు చేసినవేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. మనిషి ఈ భూమి మీద తాము అనుకున్నదాని కంటే ఎంతో ముందు నుంచి ఉన్నాడని అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. ఆ చర్చలోకి పల్లావరం రాయితో దక్షిణ భారతం కూడా వచ్చి చేరింది.

అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, ఆయన సహోద్యోగి విలియం కింగ్ కలిసి ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో ఇంకా ఎక్కువ పనిముట్లు కనుక్కున్నారు. అవి ఎంత పాతవో చెప్పే సాధనం అప్పట్లో లేదు. శాంతి పప్పు బృందం అక్కడ తవ్వకాలు చేసి, అడుగు పొరల్లోని పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించింది. ఫుట్ పోయిన 99 ఏళ్లకు తేలిన లెక్క ఇది.

ఇంట్లో కష్టం, ఆగని నడక

పేరు వచ్చింది కానీ ఇల్లు నిలవలేదు. 1870లో భార్య ఎలిజబెత్ చనిపోయారు. నాలుగేళ్ల తరువాత, 1874లో, ఫుట్ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఈ మధ్యలోనూ తిరుగుడు ఆగలేదు. కృష్ణా, తుంగభద్ర తీరాలు, దక్షిణ మహారాష్ట్ర సీమ, ఒంగోలు వైపు నుంచి మచిలీపట్నం దాకా తూర్పు తీరం అంతా సర్వే చేశారు. తీరప్రాంతం మీద ఆయన రాసిన నివేదిక 1879లో వచ్చింది. కృష్ణా జిల్లా మట్టి, రాయి గురించి శాస్త్రీయంగా రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి.

సర్వే పని మీద పోయిన ప్రతిచోటా పాతకాలపు పనిముట్ల కోసం నేల చూడటం ఆయనకు అలవాటైపోయింది. ప్రభుత్వం జీతం ఇచ్చింది ఖనిజాల కోసం. పనిముట్లు ఏరడం ఆయన సొంత ఆసక్తి.

కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884 ప్రాంతంలో తవ్వకాలు చేశారు. మిలిటరీ ఆఫీసరైన ఆయన కొడుకు హెన్రీ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. పాతకాలపు జంతువుల ఎముకలు అక్కడ కుప్పలుగా బయటపడ్డాయి. ఎముకతో చేసిన పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ రాశారు.

బళ్లారిలో దొరికిన లోకం

పల్లావరంలో దొరికింది వేటాడి, ఏరుకుని తినే మనుషుల పనిముట్టు. బళ్లారిలో ఫుట్‌కు ఎదురుపడింది వేరే లోకం. వ్యవసాయం, పశువుల మందలు, కుండలు, నున్నగా నూరిన గొడ్డళ్లు ఉన్న కొత్త రాతియుగం అది.

కప్పగల్లు పెద్ద గుట్టను ఇప్పుడు హిరేగుడ్డ అంటున్నారు. ఇంగ్లీషు రికార్డుల్లో ఊరి పేరు కుప్గల్ అని, గుట్టకు పీకాక్ హిల్ అని కనిపిస్తాయి. ఆ గుట్టలో గట్టి నల్లరాయి ఒక గోడలా పొడుగ్గా సాగి ఉంటుంది. గొడ్డలి చెయ్యడానికి అంతకంటే మంచి రాయి ఆ చుట్టుపక్కల లేదు. ఫుట్ వెళ్లేసరికి అక్కడ సగం చెక్కి వదిలేసినవి, చెక్కుతుంటే విరిగినవి, పెచ్చులు, పూర్తయినవి అన్నీ కలిసి నేలంతా పరుచుకుని ఉన్నాయి. అది ఒక కార్ఖానా అని ఆయనకు అర్థమైంది.

ఆ కాలంలో ఇలాంటి చోటికి వచ్చిన ఇంకెవరైనా నాలుగు నున్నటి గొడ్డళ్లు సంచిలో వేసుకుని పోయేవారు. అవి చూడటానికి అందంగా ఉంటాయి. మ్యూజియంలో పెడితే జనం నిలబడి చూస్తారు. మన పల్లెల్లో కూడా అలాంటి రాయి దొరికితే పిడుగు రాయి అని గుడి దగ్గరో, చెట్టు కిందో పెట్టడం ఉండేది. అరిగిన నూరుడు రాయిని అంత పట్టించుకునేవారు తక్కువ.

ఫుట్ గొడ్డళ్లతో పాటు ఈ నూరుడు రాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు. గింజలు నూరే అడుగు బండలు, పైన ఆడించే చేతి రాళ్లు, దంచే గుండ్లు, కుండ పెంకులు, అన్నిటికీ తన జాబితాలో చోటిచ్చారు. గొడ్డలిని చూస్తే వాళ్లు చెట్టు కొట్టగలరని తెలుస్తుంది. నూరుడు రాయి చూస్తే వాళ్లు గింజ తిన్నారని, దాన్ని పిండి చేసుకున్నారని, ఒకచోట నిలిచి కాపురం చేశారని తెలుస్తుంది. ఇంత బరువున్న బండను భుజాన వేసుకుని రోజుకో చోటికి ఎవరూ తిరగరు కదా.

మన సన్నికల్లుకు ముత్తవ్వ

ఈ నూరుడు రాయి ఎలా పనిచేసేదో రాయలసీమ, బళ్లారి ఇళ్లలో పెరిగినవాళ్లకు పెద్దగా విడమరిచి చెప్పక్కర్లేదు. అడుగున వెడల్పాటి బండ. దాని మీద గింజలు పోసి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా పట్టిన రాయిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. మన సన్నికల్లు మీద పచ్చడి నూరినట్టే. గుండ్రంగా తిప్పే ఇసుర్రాయి, అదే తిరగలి, అప్పటికి లేదు. అది చాలా కాలం తరువాత వచ్చింది.

ఆడించగా ఆడించగా అడుగు బండ మధ్యలో గుంట పడుతుంది. పై రాయి ఒక వైపు చదునవుతుంది. బండ మరీ నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు ఇంకో రాయితో పొడిచి మళ్లీ గరుకు చేసుకోవాలి. మొన్నమొన్నటి దాకా రోళ్లకు గాట్లు కొడతామని వీధుల్లో కేకేసుకుంటూ తిరిగినవాళ్లు చేసిందీ ఆ పనే.

అరుగుదలను చూసి రాయి ఏ పనికి వాడారో చెప్పవచ్చు. గొడ్డలి అంచు సానబెట్టిన చోట గాడి సాధారణంగా సన్నగా, పొడుగ్గా పడుతుంది. ధాన్యం నూరిన చోట పల్లం వెడల్పుగా, లోపల నున్నగా ఉంటుంది. బళ్లారి గుట్టల మీద ఈ రెండు రకాలూ ఉన్నాయి. పనిముట్టు చేసిన చోటే తిండీ తయారైంది.

తెలుగు పెళ్లిలో కొత్త కోడలి చేత సన్నికల్లు తొక్కించే ఆచారం ఇప్పటికీ ఉంది. రాయిలా గట్టిగా నిలబడమని దాని అర్థంగా చెబుతారు. మిక్సీలు వచ్చాక వంటింట్లోంచి సన్నికల్లు పోయినా పెళ్లి పందిట్లోంచి పోలేదు.

బూది కనుమ గుట్టు

బళ్లారికి పడమర కుడితిని దగ్గర బూది కనుమ అనే చోటు ఉంది. అక్కడ పెద్ద బూడిద దిబ్బ. భీముడి చేతిలో చచ్చిన హిడింబాసురుడిని కాల్చిన బూడిద అని ఊళ్లో కథ. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా చెబుతారు. ఇలాంటి దిబ్బలు బళ్లారి, రాయచూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా ఉన్నాయి.

ఈ బూడిద ఏమిటన్నది అప్పటి పండితులకు అంతుపట్టలేదు. అగ్నిపర్వతం అన్నారు, యజ్ఞాలన్నారు, శవదహనాలన్నారు. ఫుట్ దిబ్బల్లో కొత్త రాతియుగపు గొడ్డళ్లు, పెంకులు ఉన్నాయని గమనించి, ఇవి ఆ కాలపు పశువుల దొడ్లని, పోగుపడిన పేడ కాలి బూడిదైందని తేల్చారు. చాలామంది ఒప్పుకోలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వకాలు చేసినప్పుడు దిబ్బ పొరల్లో పశువుల గిట్టల గుర్తులే కనిపించాయి. 1963లో ఆల్చిన్ పుస్తకం వచ్చాక ఫుట్ మాట నిలబడింది.

ఆయన చెప్పిందల్లా నిలిచిందని కాదు. పాత రాతియుగానికీ కొత్త రాతియుగానికీ నడుమ దక్షిణ భారతంలో మనుషులు లేని పెద్ద ఖాళీ ఉందని ఫుట్ నమ్మారు. తరువాతి పరిశోధనల్లో ఆ నడిమి కాలం పనిముట్లు కూడా దొరికి, ఆ అభిప్రాయం పోయింది. ఆయన రాసిపెట్టిన ఊరి పేర్లు, చోట్ల వివరాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఇనుము చూసినవాడూ ఆయనే

బళ్లారి జిల్లా భూగర్భం మీద ఫుట్ పెద్ద పుస్తకం 1895లో అచ్చయింది. ఆయన సర్వే చేసిన బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం కూడా ఉండేవి. 1953 అక్టోబర్ 1న ఆ మూడు తాలూకాలు ఆంధ్రకు, బళ్లారితో పాటు మిగతావి మైసూరుకు పోయాయి. ఆయన పటంలో ఈ సరిహద్దు గీత లేదు. అటు రాయదుర్గం రాయీ, ఇటు సంగనకల్లు రాయీ ఒకే జాబితాలో, ఒకే జిల్లా కింద కనిపిస్తాయి.

దక్షిణాన ఇనుము, బంగారం ఉన్న పాత శిలా శ్రేణికి ధార్వాడ్ అనే పేరు పెట్టింది ఫుట్టే. సండూరు కొండల్లో ఇనుప రాయి ఎంత మేలైనదో ఆ పుస్తకంలో రాశారు. నూరేళ్ల తరువాత ఆ కొండలు ఏమయ్యాయో బళ్లారి జనానికి తెలిసిన సంగతే.

1891లో ఆయన సర్వే నుంచి రిటైరయ్యారు. తరువాత బరోడా సంస్థానానికి భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేశారు. 1894లో మైసూరు సంస్థానం భూగర్భ శాఖను పెట్టినప్పుడు దానికి తొలి అధిపతి ఆయనే. అరవై ఏళ్ల వయసులోనూ కొత్త ఊళ్లు తిరిగారు, కొత్త రాళ్లు ఏరారు. చివరి ఏళ్లలో సేలం దగ్గరి ఏర్కాడు కొండల మీద స్థిరపడ్డారు.

చివరి పని జాబితా రాయడం

40 ఏళ్లకు పైగా ఏరిన రాళ్లు, పెంకులు అప్పటికి వేల సంఖ్యలో ఆయన దగ్గర ఉన్నాయి. నాలుగు వందలకు పైగా చోట్ల నుంచి తెచ్చినవవి. వేలంలో పెడితే ముక్కలు ముక్కలుగా ఏయే దేశాలకో పోయేవి. అలా జరగలేదు. 1904లో ఆ సేకరణ మొత్తం మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది.

ఆ తరువాత వాటికి వివరమైన జాబితా రాయడం పెట్టుకున్నారు. ప్రతి వస్తువుకూ అంకె, అది ఏమిటి, ఏ రాయి, ఏ జిల్లా, ఏ ఊరు, ఊరికి ఏ పక్క. నున్నటి గొడ్డలికి ఎంత శ్రద్ధ పెట్టారో, విరిగిన నూరుడు రాయికీ అంతే.

ఆ పుస్తకం అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో చనిపోయారు. వయసు 78. జాబితా 1914లోనూ, ఆ వస్తువుల కాలం గురించీ చోట్ల గురించీ రాసిన రెండో సంపుటం 1916లోనూ మద్రాసు మ్యూజియం ద్వారా వెలువడ్డాయి. ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఆయన స్మారకం ఉంది.

రాళ్లు చెప్పిన తిండి

ఫుట్ జాబితా పట్టుకునే తరువాతివాళ్లు బళ్లారికి వచ్చారు. 1946లో బెండపూడి సుబ్బారావు సంగనకల్లులో తవ్వకాలు చేసి, 1948లో బళ్లారి రాతియుగ సంస్కృతుల మీద పుస్తకం తెచ్చారు. 1990ల చివరి నుంచి ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, బ్రిటన్ నుంచి వచ్చిన డోరియన్ ఫుల్లర్, నికోల్ బోయివిన్ తదితరులు ఈ గుట్టల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. తవ్విన మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మాడిన గింజలను వడగట్టి సూక్ష్మదర్శినిలో చూశారు.

ఆ నూరుడు రాళ్ల కాలంలో ఏమి తిన్నారో అలా తెలిసింది. ముఖ్యంగా అండు కొర్రలు, కొర్ర జాతికే చెందిన ఇంకో గడ్డి గింజ, పెసలు, ఉలవలు. ఇవన్నీ ఈ నేలలో పుట్టి పెరిగినవే. గోధుమ, బార్లీ కొద్దిగా, అవీ తరువాత, ఉత్తరాది నుంచి. మనం తాతల నాటి తిండి అనుకునే జొన్న రొట్టె, రాగి సంగటి అప్పటికి ఇక్కడ లేవు. జొన్న, రాగి రెండూ ఆఫ్రికాలో పుట్టి తరువాత మన దగ్గరికి వచ్చిన పంటలు. ఉలవచారు తాగేవాళ్లు మాత్రం నాలుగు వేల ఏళ్లుగా అదే గింజ తింటున్నారన్నమాట.

పొట్టు తియ్యాలి, దంచాలి, చెరగాలి, నూరాలి. అండు కొర్రలు గుప్పెడు పిండి కావాలన్నా చాలా శ్రమ. బండ మీద జానెడు పల్లం పడిందంటే దాని మీద ఎన్ని తరాల చేతులు ఆడాయో లెక్క వేసుకోవచ్చు. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఈ చేతుల గుర్తు ఆ పల్లాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మిగిలింది కాపాడుకోవాలి

అదే గుట్టలకు ఇప్పటి ముప్పు కంకర క్వారీలు. కప్పగల్లు బండల మీద చెక్కిన ఎద్దుల బొమ్మలు, కొడితే గంటలా మోగే రాళ్లు క్వారీ పనుల వల్ల దెబ్బతింటున్నాయని నికోల్ బోయివిన్ 2004లోనే తన పరిశోధన వ్యాసంలో హెచ్చరించారు. బొమ్మ ఉన్న బండకైనా అడిగేవారు ఉంటారు. నూరిన పల్లం ఉన్న బండ పగిలితే పగిలిందని కూడా ఎవరికీ తెలియదు.

బళ్లారిలో ఏర్పాటైన పురావస్తు మ్యూజియానికి సంగనకల్లు పేరుతో పాటు రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరు పెట్టారు. పిల్లలను తీసుకుపోయి చూపించవలసిన చోటు అది. అయితే మ్యూజియంలోకి వచ్చినవి కొన్నే. గుట్టల మీద, చేల గట్ల మీద, వంకల్లో ఉన్నవి ఎన్నో.

సరిహద్దుకు ఇటైనా అటైనా, చేను దున్నుతుంటే అలాంటి రాయి తగిలితే ఇంటికి తెచ్చి పెట్టుకోవడం కంటే, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖ వాళ్లకు చెప్పడం మేలు. చోటు తెలియని నూరుడు రాయి వట్టి బండే. ఊరి పేరు, గుట్ట పేరు, పక్కన దొరికిన పెంకు తోడైతే అది నాలుగు వేల ఏళ్ల నాటి ఒక ఇంటి సంగతి చెబుతుంది. గుడారంలో దీపం పెట్టుకుని ఫుట్ 40 ఏళ్ల పాటు రాసుకున్నవి ఆ మూడు వివరాలే.